పెట్రోల్ ఫెర్గుసన్ వేడెక్కంగనే బందైతుంది, కాయిల్ మార్చాల్నా?

నర్సంపేట_పాతబండి
అందరికి నమస్తే. మా ఇంట్ల తాత కాలం నాటి ఫెర్గుసన్ టీఈఏ-20 ఉన్నది. పెట్రోల్ బండి, 4 సిలిండర్లు, ఇప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తున్నది. పొద్దుగాల సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే లేస్తది. అరగంట ట్రాలీ గుంజినంక మిస్ కొట్టుడు మొదలైతది, కొద్దిసేపటికే టక్కున ఆగిపోతది. నీడకు పెట్టి గంటసేపు వదిలేస్తే మళ్ల ఏమీ కానట్టు లేస్తది.

మా మండలంల మెకానిక్‌లకు చూపిస్తే ఒకాయన కాయిల్ పోయింది అన్నడు, ఇంకొకాయన కార్బొరేటర్ అన్నడు, ఇంకొకాయన తుక్కుకు అమ్ముమన్నడు. బాపు చిన్నప్పటి సంది నడిపిన బండి ఇది, అమ్మే ముచ్చటే లేదు. పత్తి ఇంటికి తెచ్చుకునే టైముకు మంచిగ నడవాలె. కాయిల్ కొంటే ఆపతి తీరుతదా? ముందు ఇంకేమన్న చూడాల్నా?

కరీంనగర్_డీజిల్
అన్నా, ట్రాక్టర్‌కు కాయిల్ ఏంది? నేను ఇన్ని ఏండ్ల సంది మహీంద్రా, మాస్సీ, ఐషర్ అన్నిటి మీద పని చేసిన. పంపు, నాజిళ్లు, ఫిల్టర్లే తెలుసు. డీజిల్‌ల గాలిని వత్తితేనే వేడి పుట్టి మంట లేస్తది, కాయిల్‌తోటి గాని ప్లగ్గుతోటి గాని పని లేదు. మరి మీది నిజంగ పెట్రోల్ ఇంజనేనా? ఇంజన్ పక్కన నాలుగు ప్లగ్గు వైర్లు కనబడుతున్నయా?

పరకాల_కాక
కరీంనగర్ తమ్మీ, నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. మన దిక్కు ఇప్పుడున్న ట్రాక్టర్లన్నీ డీజిలే, అందుకే ఇప్పటి పోరగాండ్లకు డెల్కో (ప్లగ్గులకు స్పార్క్ పంచే డబ్బా) విప్పే పని పడలేదు. ఆ బూడిద రంగు ఫెర్గుసన్లు ఇంగ్లండ్‌ల కొవెంట్రీ దగ్గర 1946 నుంచి 1956 దాక తయారైనయి. మొత్తం మీద 5 లక్షలకు పైన చేసిండ్రు. అండ్ల పెట్రోల్‌వి, కిరోసిన్ లాంటి నూనెతోటి నడిచేటివి, డీజిల్‌వి వేరువేరుగ ఉండేటివి. మాస్సీ ట్రాక్టర్లు చేసే టాఫే కంపెనీ మద్రాసుల మొదలైంది 1960 సంవత్సరంల. అంటే ఈ బండి అంతకన్న ముందుది. పాత అంబాసిడర్ మీద, పెట్రోల్ జీపు మీద పని చేసినోనికి ఇండ్ల కొత్త ఏమీ ఉండదు. కాయిల్ (బ్యాటరీ కరెంటు నుంచి ప్లగ్గుకు కావాల్సిన వేల వోల్టులు పుట్టిచ్చేది), ప్లాటినం (డెల్కోల మూసుకుంట తెరుచుకుంట కాయిల్ కరెంటును ఇచ్చి ఆపే రెండు మొఖాలు), కండెన్సర్ (ప్లాటినం నడుమ మంట లేవకుంట ఆపేది), రోటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గు దిక్కు తిప్పే ముక్క), అంతే.

నర్సంపేట బిడ్డా, కాయిల్ అప్పుడే కొనకు. నా దగ్గరికి "కాయిల్ పోయింది" అని వచ్చిన బండ్లల్ల సగానికి ఎక్కువ కాయిల్ మంచిగనే ఉండేది.

హన్మకొండ_వైరింగ్
కాక చెప్పింది నిజం. బండి చల్లగున్నప్పుడు పరీక్ష చేస్తే ఏమీ దొరకదు, అన్నీ మంచిగనే కనబడ్తయి. అది ఆగిపోయిన ఆ రెండు మూడు నిమిషాలల్లనే దొంగ దొరకాలె. అందుకని సామాను ముందే ట్రాలీల పెట్టుకొని పో. కొత్త ప్లగ్గు ఒకటి, రబ్బరు పిడి ఉన్న పకడు ఒకటి, మల్టీమీటర్, రెండు గజాల వైరు.

బండి ఆగంగనే మొదలు చెయ్యాల్సింది ట్యాంకు మూత తీసుడు. మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటది. అది మట్టితోటి పూడుకుంటే ట్యాంకుల పెట్రోల్ తగ్గినకొద్దీ గాలి లోపలికి పోక, కిందికి పెట్రోల్ దిగదు. అరగంట నడిచి ఆగుడు, జరసేపైనంక మళ్ల లేసుడు. అచ్చం కాయిల్ పోయిన లక్షణమే! మూత తియ్యంగనే లేస్తే కాయిల్ మాట మరిచిపో. పెట్రోల్ గాజు గిన్నె నిండ ఉన్నదా లేదా కూడ చూడు.

దాని తర్వాత స్పార్క్. డెల్కో క్యాప్ నడుమ నుంచి కాయిల్‌కు పోయే లావు వైరును క్యాప్ కాడ ఊడబీకు, దాని కొనను ఇంజన్ ఇనుముకు 5, 6 మిల్లీమీటర్ల దూరంల పకడుతోటి పట్టు. చేత్తోటి పట్టొద్దు, గుండె జబ్బు ఉన్నోళ్లు అసలే ముట్టొద్దు. పెట్రోల్ ట్యాప్ బందు చేసి, కార్బొరేటర్‌కు దూరంగనే ఈ పని చెయ్యి. ఇంకొకరితోటి సెల్ఫ్ కొట్టియ్యి. టప్ టప్ అని నీలం రంగుల మందంగ దుంకితే కాయిల్ దాక అంతా మంచిదే. తప్పు రోటర్, క్యాప్, లేదా పెట్రోల్ దిక్కు ఉన్నది. పసుప్పచ్చగ సన్నగ వచ్చినా, రాకున్నా మనం కాయిల్, కండెన్సర్, ప్లాటినం చూడాలె.

స్పార్క్ రాకుంటే ఇంకొక్క పని. బ్యాటరీ నుంచి (బాడీకి లేని దిక్కు నుంచి) ఒక వైరు తెచ్చి నేరుగ కాయిల్ మీద కీ వైరు ఉండే మర్రకు తగిలియ్యి. అట్ల లేస్తే కాయిల్ నిర్దోషి, కీ స్విచ్చో దాని వైరో వేడికి విడిపోతున్నట్టు. బందు చేసేటప్పుడు కీ పని చెయ్యదు, ఆ వైరు పీకాలె. ఇది యాదికి పెట్టుకో.

జమ్మికుంట_పత్తి
ఇదే ముచ్చట మీద నాకు కూడ ఒక ఆపతి ఉన్నది. పత్తి సాళ్లల్ల తిప్పే పెట్రోల్ పవర్ వీడర్ కూడ వేడికి ఆగుతుంది. దీనికి బ్యాటరీ లేదు. దానికి కాయిల్ ఎక్కడుంటది? ముందు నర్సంపేట అన్నది తేలనియ్యిండ్రి, తర్వాత చెప్పినా సరే.

నర్సంపేట_పాతబండి
నిన్న పొద్దుమీకి చెల్క కాడ ఆగింది. వైరింగ్ అన్న చెప్పినట్టే వరుసగ చూసిన.

మూత తీసినా లాభం లేదు. గాజు గిన్నె నిండ ఉన్నది. నడుమ వైరు కాడ స్పార్క్ అసలే లేదు, ఒకటి రెండు సార్లు దారం లెక్క పసుప్పచ్చగ కొట్టి పోయింది. బ్యాటరీ నుంచి నేరుగ వైరు ఇచ్చినా అంతే. కాయిల్ మీద చెయ్యి పెట్టలేకపోయిన, అంత కాలుతున్నది. డెల్కో క్యాప్ తీసి చూస్తే ప్లాటినం రెండు మొఖాలు నల్లగ, ఒక దిక్కు గుంత, ఇంకో దిక్కు బొడిపె ఉన్నది. ఇంటికి ఎడ్లను కట్టి గుంజుకొచ్చినం.

అంటే ఇక కాయిలే కదా?

పరకాల_కాక
ఆగు బిడ్డా. కాయిల్ మీద అనుమానం బలపడ్డది, అంతే. ప్లాటినం మొఖం చెప్పే ముచ్చట ఇంకోటి ఉన్నది. ఒక దిక్కు గుంత, ఒక దిక్కు బొడిపె పడ్డదంటే ప్లాటినం విడిపోయినప్పుడల్లా నడుమ మంట లేస్తున్నట్టు. దానికి రెండే కారణాలు. ఒకటి కండెన్సర్ చచ్చిపోవుడు. రెండోది అక్కడి నుంచి పారాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు పారుడు. కొత్త కాయిల్ వేసి ఆ కండెన్సరే ఉంచితే ప్లాటినం మళ్ల కాలుతది, స్పార్క్ మళ్ల పసుప్పచ్చగైతది, నువ్వు మళ్ల కాయిల్‌నే తిడ్తవు.

కండెన్సర్ చిన్న డబ్బా, ధర కూడ తక్కువే. ఆ ప్లాటినం, ఈ కండెన్సర్ రెండూ ఒక్కసారే మార్చు. చెల్క కాడ ఉన్నప్పుడు కండెన్సర్ మీద అనుమానం వస్తే డెల్కో విప్పే పని లేదు. కాయిల్ నుంచి డెల్కోకు పోయే సన్న వైరు మర్రకు ఇంకో కండెన్సర్ వైరు తగిలిచ్చి, దాని డబ్బాను ఇంజన్ ఇనుముకు కట్టు. పాతది తెగిపోయి ఉంటే బండి అక్కడికక్కడే లేస్తది. పాతది లోపల షార్టై ఉంటే మాత్రం దాని వైరు ఊడబీకినంకనే ఇది పని చేస్తది.

ఇంకోటి జర దగ్గర పెట్టి చూడు. డెల్కో పక్కన ఉన్న మర్ర నుంచి లోపలికి, ప్లాటినానికి పోయే మెత్తటి సన్న వైరు ఉంటది. బయటి తొడుగు మంచిగనే కనబడ్తది, లోపల తీగలు తెగి రెండో మూడో మిగులుతయి. వేడెక్కి బిగుసుకుంటే విడిపోతది. దాన్ని వేలుతోటి అటూ ఇటూ వంచి చూడు, మడత పడ్డ కాడ మెత్తగ ఊగితే మార్చు. ప్లాటినం స్ప్రింగు కింద ఫైబర్ వాషర్ ఉంటది, అది తారుమారుగ కూసున్నదంటే కరెంటు బాడీకి పోతది, స్పార్క్ రానే రాదు. అప్పుడు కాయిల్ ఎన్ని మార్చినా దండుగే.

ప్లాటినం గ్యాపు 10 నుంచి 12 థౌ (థౌ అంటే అంగుళంల వెయ్యో వంతు), మిల్లీమీటర్ల లెక్కల 0.25 నుంచి 0.30. క్యాం కొమ్ము సరిగ్గ ప్లాటినాన్ని మొత్తం తెరిచిన కాడనే ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) పెట్టాలె. గేజ్‌ను ముందు పెట్రోల్‌తోటి తుడువు. నూనె మరక ప్లాటినం మీద పడ్డా కాలుతది.

హుజురాబాద్_బుల్లెట్
ఇదంతా ఎందుకన్నా, ప్లాటినం పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుండ్రి. ఒక్కసారి పెడితే మళ్ల చూసే పని లేదు.

మంథని_మాష్టారు
కిట్ పెట్టుకోవచ్చు, కానీ తప్పు ఎక్కడుందో తేలకముందు పెడితే కిట్ కూడా కాలిపోతుంది. నర్సంపేట వారి వర్ణనలో నాకు ఒక విషయం ప్రధానంగా కనిపిస్తోంది. చెయ్యి పెట్టలేనంత వేడి, ప్లాటినం కాలడం, రెండూ కలిసి వచ్చాయి. ఎక్కువ కరెంటు పారుతోందని రెండూ చెబుతున్నాయి. కాక గారు చెప్పిన రెండో కారణం ఇదే.

కాయిల్ లోపల రెండు చుట్లు ఉంటాయి. లావు తీగతో కొన్ని వందల చుట్లు ఒకటి, వెంట్రుక లాంటి తీగతో వేల చుట్లు ఇంకొకటి. ప్లాటినం మూసుకున్నంతసేపు లావు చుట్టలో కరెంటు పారి అయస్కాంత శక్తి నిలవ ఉంటుంది. ప్లాటినం విడిపోగానే అది ఒక్కసారిగా కూలిపోతుంది, సన్న చుట్టలో వేల వోల్టులు పుడతాయి. సన్న తీగ మీది పూత వేడికి ఎండి పగిలితే, చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కి తీగ సాగినప్పుడు లోపలే షార్ట్ అవుతుంది. మీ బండి లక్షణం ఇదే కావచ్చు. అయితే కాయిల్ అంత వేడెక్కడానికి కారణం తెలియాలి.

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, కాయిల్ మీది రెండు చిన్న మర్రల వైర్లు ఊడదీసి కొలవండి. మామూలు 12 వోల్టుల కాయిల్ అయితే సుమారు 3 ఓమ్స్ చూపించాలి. నడుమ లావు గుంతకూ ఒక చిన్న మర్రకూ మధ్య కొలిస్తే కాయిల్ రకాన్ని బట్టి 5 వేల నుంచి 12 వేల ఓమ్స్ మధ్య ఉంటుంది. చౌక మీటర్లకు వాటి సొంత వైర్లకే కొంత నిరోధం ఉంటుంది కాబట్టి ముందు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి, అది ఎంత చూపిస్తే అంత తీసేయండి. 3 ఓమ్స్ దగ్గర ఇది పెద్ద తేడానే.

చల్లగా ఒకసారి, ఆగిపోయిన వెంటనే ఒకసారి కొలవండి. రాగి తీగకు డిగ్రీకి 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. అంటే 50 డిగ్రీలు వేడెక్కితే 3 ఓమ్స్ కాస్తా 3.6 అవుతుంది. అంతవరకు సహజమే. దానికి మించి ఎగిరినా, అంకె నిలకడ లేకుండా ఊగినా, అసలు తెగిపోయినట్టు చూపించినా కాయిల్ లోపల తప్పున్నట్టే.

నర్సంపేట_పాతబండి
మాష్టారు గారూ, కొలిచిన. చల్లగున్నప్పుడు రెండు చిన్న మర్రల నడుమ 1.9. మొనలు రెండూ తాకిస్తే 0.4. అంటే 1.5. నడుమ గుంతకు దాదాపు 8 వేలు. కాయిల్ మీద కాగితం చిరిగిపోయింది, కంపెనీ పేరు తప్ప ఏమీ కనబడుత లేదు. ఈ కాయిల్ మా కంటే ముందున్నోళ్ల కాలంల ఎవరో పెట్టింది, బాపుకు కూడ యాదిలేదు. బ్యాటరీ ప్లస్ బాడీకి ఉన్నది, మైనస్ కీ దిక్కు పోతుంది.

హన్మకొండ_వైరింగ్
దొరికింది! 1.5 ఓమ్స్ అంటే ఇది బ్యాలెస్ట్‌తోటి నడవాల్సిన కాయిల్ (బ్యాలెస్ట్ అంటే కరెంటును తగ్గించే ముక్క, కింద చెప్త), లేదా 6 వోల్టులది. ఈ ఫెర్గుసన్లల్ల ముందు వచ్చినయి 6 వోల్టులవే, తర్వాత 12 వోల్టులకు మారినయి. అందుకే బ్యాటరీ మార్చి కాయిల్ పాతదే ఉంచినోళ్లు కూడ ఉంటరు.

లెక్క చూడు. 12 వోల్టులు, 3 ఓమ్స్ అయితే 4 ఆంపియర్లు. అదే 1.5 ఓమ్స్ అయితే 8 ఆంపియర్లు. డైనమో ఛార్జింగ్ చేస్తుంటే బ్యాటరీ 14 వోల్టుల దాక పోతది, ఇంకా ఎక్కువ. వేడి కూడ రెండింతలు. 4 సిలిండర్ల ఇంజన్‌ల ప్లాటినం మూడు వంతులల్ల రెండు వంతుల సేపు మూసుకునే ఉంటది, కాబట్టి కాయిల్‌కు ఊపిరి ఆడదు. ఆ 8 ఆంపియర్లే ప్లాటినం మొఖాన్ని కూడ కాల్చినయి. అంటే నీ బండిల ప్లాటినం, కాయిల్ రెండూ ఒక్క తప్పుకే బలైనయి.

బ్యాలెస్ట్ అంటే కీకీ కాయిల్‌కూ నడుమ పెట్టే రెసిస్టర్. తెల్లటి పింగాణీ ముక్కల ఇమిడ్చిన తీగ గాని, వైరింగ్ కట్టలనే కలిపిన ప్రత్యేకమైన వైరు గాని ఉంటది. నీ బండికి అది ఉన్నదా లేదా తేల్చాలంటే ప్లాటినం మూసుకున్న కాడ ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి కాయిల్ కీ మర్ర కాడ వోల్టేజ్ కొలువు. 12 దగ్గర ఉంటే బ్యాలెస్ట్ లేదు. 6 నుంచి 8 ఉంటే ఉన్నట్టు. కొలువంగనే కీ బందు చెయ్యి. ఇంజన్ ఆగి ప్లాటినం మూసుకొని ఉన్నప్పుడు కీ ఆన్‌ల వదిలేస్తే మంచి కాయిల్ కూడ ఉడికిపోతది.

నువ్వు కొనాల్సింది బ్యాలెస్ట్ అక్కరలేని 12 వోల్టుల కాయిల్. దుకాణంల "అంబాసిడర్‌ది, ప్లాటినం బండిది, 3 ఓమ్స్" అని అడుగు. డబ్బా మీద రాసిందే నమ్మకు, గల్లా కాడనే మీటర్ పెట్టి కొలిచి తీసుకో. వరంగల్ ఆటోనగర్‌ల దొరకకుంటే సికింద్రాబాద్ రాణిగంజ్ దిక్కు చూడు.

ప్లస్ బాడీకి ఉన్నది అన్నవు కాబట్టి ఇది ముఖ్యం. కాయిల్ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే మైనస్ మర్ర కీ దిక్కు, ప్లస్ మర్ర డెల్కో దిక్కు పెట్టు. ఇప్పటి బండ్లకు దీనికి ఉల్టా. పాత కాయిళ్ల మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటది, ఎస్‌డబ్ల్యూ స్విచ్చుకు, సీబీ ప్లాటినానికి.

మంథని_మాష్టారు
ఉల్టా పెట్టినా బండి లేస్తుంది, కాబట్టి చాలామందికి తప్పు తెలియదు. ప్లగ్గు నడుమ ఉండే కడ్డీ బాగా వేడిగా ఉంటుంది. వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు సులువుగా బయటపడతాయి కాబట్టి ఆ కడ్డీ మైనస్‌గా ఉండటమే మంచిది. ఉల్టా అయితే అదే ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజ్ కావాల్సి వస్తుంది. బరువు పడ్డప్పుడు మిస్ కొడుతుంది.

పరీక్ష ఉంది. బండి నడుస్తుండగా ఒక ప్లగ్గు వైరును పకడుతో పట్టి ప్లగ్గు మొన నుంచి కాస్త దూరం జరపండి. ఆ సందులో చెక్కిన పెన్సిల్ మొనను పెట్టండి, పెన్సిల్‌ను కూడా ఎండు కట్టెతోనో పకడుతోనో పట్టుకోండి. స్పార్క్ పెన్సిల్‌కూ ప్లగ్గుకూ మధ్య నారింజ రంగులో విచ్చుకుంటే సరైన దిశ. పెన్సిల్‌కూ వైరుకూ మధ్య విచ్చుకుంటే కాయిల్ వైర్లు తారుమారు.

కరీంనగర్_డీజిల్
ఇదంతా చదువుతుంటే నాకు పాత పెట్రోల్ బండి ఒకటి విప్పాలనిపిస్తున్నది. నర్సంపేట అన్నా, పని అయినంక తప్పకుండ రాయి.

పరకాల_కాక
జమ్మికుంట తమ్మీ, నీ వీడర్ సంగతి. దానికి బ్యాటరీ ఉండదు. ఫ్యాన్ కవర్ విప్పితే అయస్కాంతం ఉన్న ఫ్లైవీల్, దాని అంచుకు దగ్గర బిగించిన కాయిల్ కనబడ్తయి. ఆ కాయిల్‌కు ఒక సన్న వైరు ఆఫ్ స్విచ్చుకు పోతది. ఆ వైరు బాడీకి తగిలితే ఇంజన్ బందైతది, అది దాని పని. నువ్వు మొదలు చెయ్యాల్సింది ఆ సన్న వైరును కాయిల్ కాడ ఊడబీకుడు. అప్పుడు ఆగకుంట నడిస్తే కాయిల్ మంచిదే, స్విచ్చు కాడనో వైరు తొడుగు రాసుకుపోయిన కాడనో బాడీకి తగులుతుంది. వీడర్ వణుకుడుకు ఆ వైరు చానా తొందరగ రాసుకుపోతది. బందు చెయ్యాలంటే చోక్ మూసి ఆపు, పెట్రోల్ ట్యాప్ కట్టు.

అదీ కాకుంటే కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు నడుమ సందు చూడు. హోండా జీఎక్స్ రకం ఇంజన్లకు 0.2 నుంచి 0.6 మిల్లీమీటర్లు, నడుమల 0.4 మంచిది. ఫ్లైవీల్ అయస్కాంతాన్ని కాయిల్ కాడికి తిప్పి, నడుమ ఫిల్లర్ గేజ్ పెట్టి, కాయిల్ దానికి అతుక్కున్నంక మర్రలు బిగియ్యి. తుప్పు ఉంటే ఎమిరీ కాగితంతోటి రుద్దు. వేడికే ఆగుడు ఇంకా పోకపోతే అప్పుడు కాయిల్ మార్చు.

జమ్మికుంట_పత్తి
కాకా, ఆఫ్ వైరే! హ్యాండిల్ బోల్టు కింద తొడుగు మొత్తం ఊడిపోయి ఇనుముకు తగులుతున్నది. టేపు చుట్టి, ఇంకో దిక్కు నుంచి తిప్పి కట్టిన. మధ్యాహ్నం ఎండల కూడ ఆగలేదు. కొత్త కాయిల్ పైసలు మిగిలినయి, దండం.

నర్సంపేట_పాతబండి
అందరికి శనార్థులు. పని అయింది, వివరంగ రాస్తున్న.

కీ మర్ర కాడ 12.3 వోల్టులు వచ్చినయి, అంటే బ్యాలెస్ట్ లేదు. కొత్త కాయిల్ గల్లా కాడనే కొలిచి తెచ్చిన, మొనల లెక్క తీసేస్తే 3.1. ప్లాటినం, కండెన్సర్ కొత్తవి వేసినం. పాత ప్లాటినం విప్పేటప్పుడు కాక చెప్పిన సన్న వైరు కూడ చూసిన. తొడుగు కోస్తే లోపల నాలుగు తీగలే మిగిలినయి, మిగతావన్నీ పచ్చగ చిలుము పట్టి తెగిపోయినయి. అది కూడ మార్చిన. గ్యాపు 12 థౌ పెట్టిన.

స్పార్క్ ఇప్పుడు నీలం రంగుల దుంకుతుంది, చప్పుడు వేరేగనే ఉన్నది. నిండు ట్రాలీతోటి మధ్యాహ్నం మొత్తం నడిపినం, ఒక్కసారి కూడ ఆగలేదు. కాయిల్ వేడెక్కింది గాని చెయ్యి పెట్టనిస్తుంది. పెన్సిల్ పరీక్ష చేసిన, ప్లగ్గు దిక్కే విచ్చుకున్నది. బాపు దిగకుంట నడిపిండు, అంతకన్న ఏమి చెప్పాలె.

ఇప్పుడు రెండు సందేహాలు. పాత కాయిల్ పారెయ్యాల్నా? మల్ల, బంకుల ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తున్నది, దీనికి ఏమన్న అయితదా?

హన్మకొండ_వైరింగ్
పాత కాయిల్‌ను నమ్మకు. వేడికి దాని స్పార్క్ పోయింది, లోపల పూత దెబ్బతిన్నట్టే. బ్యాలెస్ట్ పెట్టినా పని నడుమ చెయ్యిచ్చే సామాను స్పేర్ అనిపించుకోదు. ఇంకో 3 ఓమ్స్‌ది తెచ్చి టూల్ బాక్సుల పెట్టుకో, దాంతోటి ఒక కండెన్సర్ కూడ. ఎలక్ట్రానిక్ కిట్ మీద మనసుంటే ప్లస్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి ఉన్న) బండికి వేరే కిట్ వస్తది, మైనస్ ఎర్త్‌ది పెడితే తగిలియ్యంగనే కాలిపోతది.

పరకాల_కాక
ఇథనాల్ స్పార్క్‌కు ఏమీ చెయ్యదు బిడ్డా, రబ్బరుకు చేస్తది. పాత రబ్బరు పైపులు ఉబ్బి లోపల పొరలు ఊడ్తయి, కార్బొరేటర్ జెట్టుల ఇరుక్కుంటయి. నీళ్లను కూడ గుంజుకుంటది. పైపులు ఇప్పటి పెట్రోల్‌కు పనికొచ్చేటివి వెయ్యి, గాజు గిన్నె అడుగున నీటి బొట్టు కనబడితే విప్పి తుడువు. పత్తి అయిపోయి బండిని షెడ్డుల పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌ల ఉన్నది అయిపోయేదాక నడిపి ఆపు. కీ బందు చేసి, బ్యాటరీ వైరు విప్పి పెట్టు.